చిల్లర కరువొచ్చిన నగరంలో

2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక పెసో నాణెం విలువ ఒక పెసో కాదు, అంతకంటే ఎక్కువ. మన డబ్బుల్లో అప్పట్లో పెసో అంటే 13, 14 రూపాయలు. కానీ రాత్రి పదకొండు దాటి, మెట్రో కట్టేశాక, చలిలో బస్టాపు దగ్గర నిలబడ్డవాడికి ఆ మారకం రేటుతో పనిలేదు. అక్కడి సిటీ బస్సుల్లో కండక్టరు ఉండడు. డ్రైవరు వెనకాల ఒక మిషను ఉండేది. అది నాణేలు తప్ప ఇంకేమీ తీసుకోదు. జేబులో వంద పెసోల నోటు ఉన్నా సరే, చిల్లర లేకపోతే నడకే.

ఆ చిల్లరేమో ఊళ్ళో ఎక్కడా పుట్టేది కాదు. వీధి మలుపుకొకటి చొప్పున ఉండే కియోస్కోల అద్దాల మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉండేది, నాణేలు లేవని. లేకపోవడమేమీ కాదు, ఇవ్వమని దాని తాత్పర్యం. సొరుగు లాగితే గలగలమని వినపడుతూనే ఉండేది. రెండు పెసోల నోటిచ్చి పెసోన్నర బిస్కెట్లు అడిగితే కొట్టువాడు మన మొహం వైపు అనుమానంగా చూసేవాడు. వీడు బిస్కెట్ల కోసం వచ్చాడా, చిల్లర కోసం వచ్చాడా అని. నూటికి తొంభై సార్లు అతని అనుమానమే నిజం. కొందరు బేరమే వద్దనేవారు. మరికొందరు చిల్లరకి బదులు నాలుగు చాక్లెట్లు చేతిలో పెట్టేవారు. మా కంపెనీ యజమాని కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఆయన చేతిలోనూ అలాగే పెట్టారు. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతదూరం వచ్చింది దీనికేనటయ్యా? మన మెయిన్ రోడ్డులో మందుల షాపువాడు కూడా ఇవే ఇస్తాడు కదా!" అన్నారు.

నాణేలన్నీ ఎక్కడికి పోతున్నాయో మనిషికొక మాట చెప్పేవాడు. బస్సు కంపెనీలే మూటలు కట్టి కమిషన్ మీద అమ్ముకుంటున్నాయని కొందరు, కరిగించి లోహం అమ్ముకుంటున్నారని కొందరు. నాకు తోచిందైతే ఇంతే: దొరకవని దాచుకునేవారు, దాచుకోవడం వల్ల దొరికేవి కావు. బ్యాంకు కిటికీ దగ్గర మనిషికి ఇన్నేనని లెక్క కట్టి ఇస్తే, దానికోసం చాంతాడంత క్యూ. సుబ్తే, అంటే అక్కడి మెట్రో, టికెట్ కౌంటర్లో కూడా ఒక్కోసారి చిల్లర అయిపోయేది. లోపలున్నవాడు విసుగ్గా చెయ్యి ఊపి, ఊరికే వెళ్ళిపొమ్మనేవాడు.

నేనక్కడికి వెళ్ళింది నూనె కోసం. రోసారియో చుట్టుపక్కల పరానా నది ఒడ్డున వరసగా సోయా మిల్లులున్నాయి. ఆ ముడి నూనె ఓడలకెక్కి మన దేశానికొస్తుంది. దాంట్లో కొంత కాకినాడ రేవులో దిగి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధై, మన వంటింటి ప్యాకెట్లలోకి చేరుతుంది. ఆ కొనుగోళ్ళు చూసుకోవడానికి నన్ను పంపారు. కొర్రియెంతెస్ వీధి మొదట్లో, నది వైపు, ధాన్యం వ్యాపారుల ఎక్స్ఛేంజి భవనం ఉంది. దాని దగ్గర్లోనే ఆఫీసు. బస మాత్రం ఊరి నడిబొడ్డుకి కాస్త పడమటగా, అల్మాగ్రో పేటలో.

మా ఇంటావిడ వయసు డెబ్బై పైన. భర్త పోయారు, కొడుకు స్పెయిన్‌లో. నాణేలన్నీ జామ్ సీసాలో వేసి, సీసాని వంటింటి అలమారలో పప్పుల వెనకాల దాచేది. నాకు అవసరమైతే అప్పిచ్చేది గానీ, ఇచ్చిన ప్రతి నాణేన్నీ పుస్తకంలో రాసుకునేది. అద్దె పది రోజులు ఆలస్యమైనా ఏమీ అనని మనిషి, నాలుగు నాణేలు బాకీ ఉంటే మాత్రం పొద్దున్నే కాఫీ దగ్గర గుర్తుచేసేది. తీసుకున్నది నోట్లతో తీరుస్తానంటే ఒప్పుకునేది కాదు. నాణేనికి నాణేమే.

ఆవిడని తప్పుపట్టలేం. 1991 నుంచి పదేళ్ళపాటు పెసో అంటే డాలరేనని ప్రభుత్వం చట్టం చేసి మరీ చెప్పింది. 2001 డిసెంబరులో బ్యాంకులు ఖాతాల మీద తాళం వేశాయి. వారానికి 250 పెసోలకి మించి తీసుకోవడానికి లేదన్నారు. జనం గిన్నెలూ గరిటెలూ పట్టుకుని వీధుల్లోకొచ్చారు. 2002 జనవరిలో ఆ డాలరు ముచ్చట కూడా అయిపోయింది, పెసో విలువ కొద్ది నెలల్లోనే మూడో వంతుకి పడిపోయింది. ఆవిడ కూడా గిన్నె తీసుకుని వెళ్ళిందట. సొట్టపడ్డ ఆ అల్యూమినియం గిన్నెలోనే నాకు పాలు కాచి ఇచ్చేది. బ్యాంకు అనే మాట వినపడితే చాలు, పెదవి విరిచేది.

మిషన్లు రాకముందు, తొంభైల తొలినాళ్ళ దాకా, డ్రైవరే బండి నడుపుతూ టికెట్లు చించి ఇచ్చేవాడట. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో రంగురంగుల టికెట్ చుట్టలు, మధ్యలో చిల్లర లెక్క, దారిలో ఎవరితోనో వాదన. టికెట్ మీద అంకె ఎటునుంచి చదివినా ఒకటే వస్తే అదృష్టమని నమ్మకం. అలాంటి టికెట్ ఒకటి మా ఇంటావిడ పర్సులో, భర్త ఫోటో వెనకాల, మడత పెట్టి ఉండేది. ఆ బస్సుల పుట్టుక కూడా తమాషాయే. 1928లో బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న టాక్సీవాళ్ళు కొందరు, ఒకే దారిన పోయేవాళ్ళని నలుగురైదుగుర్ని ఎక్కించుకుని తలా కాస్త వసూలు చేయడం మొదలుపెట్టారు. మన షేర్ ఆటో లెక్కే. దాన్నే కొలెక్తీవో అన్నారు. పేరు ఇప్పటికీ అదే. బస్సుల ఒంటినిండా తీగలూ పూలూ డ్రాగన్లూ, మధ్యలో గడుసు సామెతలూ రంగుల్లో వేసేవారు. 1975లో ప్రభుత్వం బస్సుల మీద ఆ బొమ్మలు నిషేధించింది. నలభై ఏళ్ళకి, 2015లో, అదే ఫిలెతియాదో కళ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. బస్సుల మీద నుంచి దించేసిన కళ ఇప్పుడు టూరిస్టులు కొనే కప్పుల మీదా గోడ పలకల మీదా ఉంది.

నాణేల కరువు 2011, 12 ప్రాంతంలో తీరింది. సూబే అనే ప్లాస్టిక్ కార్డు వచ్చింది, తాకిస్తే బస్సూ రైలూ అన్నీ ఎక్కొచ్చు. ఏ ఏడాదైతే నాణెం అవసరం పోయిందో ఆ ఏడాదే ఊరినిండా నాణేలు కనపడ్డాయి. తర్వాత ధరలు ఎంత పెరిగాయంటే, ఇప్పుడు వెయ్యి పెసోలు పెట్టినా డాలరు రాదు. బస్టాపులో మాత్రం ఒక మార్పు వెంటనే తెలిసింది. ముందు చిల్లర కోసం ముక్కూమొహం తెలియని వాళ్ళని పలకరించేవాళ్ళం. వాళ్ళు లేదనేవారు, ఆ లేదనడంలోంచే ప్రభుత్వాన్ని తిట్టడం మొదలయ్యేది, అందులోంచి ఫుట్‌బాల్, అందులోంచి మీదే దేశం. నాకు స్పానిష్ వచ్చిందంటే చాలావరకు ఆ బస్టాపుల పుణ్యమే.

అల్మాగ్రో నుంచి ఆఫీసుకి 'ఎ' లైను సుబ్తే. ఎక్కేది కాస్త్రో బార్రోస్‌లో, దిగేది ప్లాసా దె మాయోలో. 1913 డిసెంబరు 1న మొదలైన లైను ఇది. లాటిన్ అమెరికాలో మొట్టమొదటి భూగర్భ రైలు. లైను పాతదని చెప్పుకోవడంలో వింత లేదు. దాని మీద నడిచే పెట్టెలు కూడా అప్పటివే. బెల్జియంలో లా బ్రుజుఆజ్ అనే కంపెనీ చేసిన చెక్క పెట్టెలు, అప్పటికి దాదాపు నూరేళ్ళుగా రోజూ జనాన్ని మోస్తూ ఉండేవి. మ్యూజియంలో కాదు, ఆఫీసు వేళల్లో, కిక్కిరిసి.

లోపల వార్నిష్ చేసిన చెక్క గోడలు, చెక్క బద్దీల బెంచీలు, అంచులు చెక్కిన అద్దాలు, పువ్వు ఆకారపు గాజు డోముల్లో పచ్చటి బల్బులు. కిటికీలు తెరుచుకునేవి, సొరంగం గాలి మొహాన కొట్టేది. స్టేషన్ల మధ్య ఎక్కడో ఒకచోట కరెంటు తెగి దీపాలు రెప్పపాటు ఆరిపోయేవి. కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవారు, పాతవాళ్ళు పేపరు మీంచి తల కూడా ఎత్తేవారు కాదు. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి తలుపులు. అవి వాటంతటవి తెరుచుకోవు. దిగేవాడే ఇత్తడి పిడి పట్టుకుని రెండు రెక్కలూ పక్కకి లాగాలి. పిడి కింద చెక్క, చేతులు తగిలి తగిలి, పాత మంచం కోడులా నున్నబడి ఉండేది. బలంగా లాగకపోతే రాదు. ముసలమ్మ ఎవరైనా తలుపు దగ్గర నిలబడితే వెనకనుంచి ఒక చెయ్యి ఆవిడ భుజం మీదుగా వచ్చి లాగేది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే గ్రాసియాస్ అని దిగిపోయేది. రైలు పూర్తిగా ఆగకముందే తలుపు లాగి దూకేసే కుర్రాళ్ళుండేవారు. గార్డు విజిల్ వేసి తిట్టేవాడు. తిట్టడం వాడి డ్యూటీ, దూకడం వీళ్ళ డ్యూటీ.

2013 జనవరి మొదట్లో నగర పాలకులు ఒక ప్రకటన చేశారు: లైను రెండు నెలలు మూసేసి, చెక్క పెట్టెలు తీసేసి, చైనాలో చేసిన కొత్తవి పెడతామని. జనవరి 11 శుక్రవారం పాతవాటికి ఆఖరి రోజు. ఆ సాయంత్రం ప్లాట్‌ఫారాల మీద పెళ్ళిలా జనం. కెమెరాలు, పాటలు, చెక్కని నిమురుతున్న చేతులు, రాజకీయ నాయకుల మీద కేకలు. మార్చిలో వచ్చిన కొత్త పెట్టెలు చల్లగా, వెలుతురుగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. డిసెంబరు ఎండల్లో ఆ సొరంగంలో ఉక్కపోత భరించినవాడెవడూ ఏసీని తిట్టలేడు. నేనూ తిట్టను. తలుపులు మాత్రం ఇప్పుడు ఎవరికోసమూ ఎవరూ తీయక్కర్లేదు.

మన వాళ్ళు వచ్చినప్పుడు ఊరు చూపించడం నా పనిలో ఒక భాగమైపోయింది. ఆ చూపించే చోట్లకేమీ కాలేదు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. 1936లో కట్టిన ఒబెలిస్క్. బోకా పేటలో రంగు రేకుల ఇళ్ళ కమినీతో సందు. రెకొలేతా శ్మశానంలో ఒకప్పటి అధ్యక్షుడి భార్య ఎవా పెరోన్ సమాధి, నల్లరాతి వాకిలి, కమ్మీల్లో గుచ్చిన పూలు. 1952లో చనిపోతే 1976 దాకా ఆవిడ శవానికి అక్కడ చోటు దొరకలేదు. మధ్యలో సైన్యం దొంగతనంగా ఇటలీకి చేర్చి, వేరే పేరుతో పాతిపెట్టింది. ఈ కథ చెబితే మన వాళ్ళు నోరు తెరిచి వినేవారు. గురువారాలైతే మూడున్నరకి ప్లాసా దె మాయోకి తీసుకెళ్ళేవాణ్ణి. సైనిక పాలనలో మాయమైన పిల్లల కోసం తల్లులు తలకి తెల్లగుడ్డ కట్టుకుని స్తంభం చుట్టూ తిరుగుతారు. 1977లో మొదలైంది. నేను చూసేనాటికే వాళ్ళలో ఎనభై దాటినవాళ్ళున్నారు, కర్రల మీదా చక్రాల కుర్చీల్లోనూ వచ్చేవారు. అక్కడ మన వాళ్ళెవరూ ఫోటో అడిగేవారు కాదు.

తిండి దగ్గర గొడవ. ఆ దేశంలో కూరగాయ అంటే మాంసం పక్కన పెట్టే అలంకారం. శాకాహారుల్ని కొర్రియెంతెస్‌లో గుయెర్రీన్ అనే పాత పిజ్జా అంగడికి తీసుకెళ్ళేవాణ్ణి. 1932 నుంచీ ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి తినొచ్చు. అక్కడ పిజ్జా ముక్క మీద ఫైనా అని ఇంకో రొట్టె ముక్క పెట్టుకుని తింటారు. జెనోవా నుంచి వలసొచ్చినవాళ్ళు తెచ్చిన వంట, మొత్తం శనగపిండి. అది నోట్లో పెట్టుకోగానే మన వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. "పచ్చిమిరపకాయ తగిలిస్తే మన అట్టేరా ఇది!" అన్నాడు మా పెద్దమావయ్య.

పెద్దమావయ్య తెలుగు మాస్టారుగా రిటైరైనవాడు. నాతో వచ్చినవాళ్ళలో ఎవా పెరోన్ గొడవ పట్టనివాడు ఆయనొక్కడే. "ఠాగూరున్న ఇల్లు చూపించరా, చాలు" అన్నాడు. చలం గీతాంజలిని చిన్నప్పుడే బట్టీపట్టిన మనిషి. రెతీరో స్టేషన్‌లో రైలెక్కి సాన్ ఇసీద్రో వెళ్ళాం. 1924 నవంబరులో పెరూ వెళ్ళాల్సిన రవీంద్రుడు దారిలో జబ్బుపడి బ్యూనస్ ఎయిర్స్‌లో దిగిపోయారు. విక్తోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆయన్ని నది కనపడే మిరాల్రియో అనే ఇంట్లో ఉంచి చూసుకుంది. జనవరి మొదటి రోజుల దాకా ఉన్నారు. అక్కడ రాసినవాటిలో చాలా కవితలు 'పూరబి'లో చేరాయి, ఆ పుస్తకం ఆవిడకే అంకితం, 'విజయ' అనే పేరుతో. వెళ్ళేటప్పుడు ఆయన కూర్చున్న కుర్చీ కూడా ఓడెక్కించింది. కుర్చీ ఓడలోని గది తలుపులో పట్టకపోతే, తలుపే ఊడదీయించింది. ఆ కుర్చీ శాంతినికేతన్‌లో ఉంది. మిరాల్రియో వేరేవాళ్ళ సొంత ఇల్లు, గేటు బయటినుంచే చూడాలి. ఒకాంపో సొంత బంగళా మాత్రం యునెస్కో చేతుల్లో ఉంది, లోపలికి వెళ్ళొచ్చు. మావయ్య బంగళాలో అట్టే సేపు ఉండలేదు. గేటు దగ్గరే నిలబడి, నది వైపు చూస్తూ, పెదవులు కదుపుతూ ఉన్నాడు. నేను పిలవలేదు.

కాఫీ హోటళ్ళ సంగతి చెప్పాలంటే మనసు చివుక్కుమంటుంది. కప్పు చిన్నదే, కోర్తాదో. దాంతో చిన్న గ్లాసులో సోడా, పళ్ళెంలో ఒక బిస్కెట్. ఆ ఒక్క కప్పు పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నా, బిల్లు అడిగితే తప్ప తెచ్చేవారు కాదు. తెల్లకోటు వెయిటర్లు తలలు నెరిసేదాకా అక్కడే పనిచేసేవారు, నాలుగోసారి వెళ్ళేసరికి ఏం కావాలని అడగడం మానేసేవారు. ఫ్లోరిదా వీధిలో రిచ్‌మండ్ ఉండేది. తోలు కుర్చీలు, కిందికి దిగితే బిలియర్డ్స్, చదరంగం. 1920ల్లో రచయిత బోర్హెస్, ఆయన స్నేహితులూ కూర్చున్న చోటు. ఆఫీసు అయ్యాక అక్కడ ముసలివాళ్ళ చదరంగం చూస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపానో. 2011 ఆగస్టులో మూతపడింది. పార్లమెంటు ఎదురుగా 1916 నాటి మోలీనో, పైన గాలిమర బొమ్మతో, 1997లోనే మూతపడి, నేనున్నన్నాళ్ళూ బూజుపట్టి అలాగే నిలబడి ఉంది. నగరంలోని పాత హోటళ్ళని కాపాడతామని 1998లో చట్టం చేశారు. చట్టం పేరు పలకల్ని కాపాడగలదు గానీ లాభనష్టాల్ని ఏం చేస్తుంది? మా ఇంటికి రెండు వీధుల అవతల 1884 నాటి లాస్ వియోలేతాస్ కూడా 1998లో మూతపడింది. పేటవాళ్ళు పట్టువదలకపోతే 2001లో మళ్ళీ తెరుచుకుంది. రంగుటద్దాల కిటికీల కింద మా ఇంటావిడ తన పుట్టినరోజుకి నన్ను కేక్ తినడానికి తీసుకెళ్ళేది, బిల్లు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

వీటన్నిటిలోకీ నేను మర్చిపోలేనిది సుయిపాచా వీధిలో కొన్ఫితెరియా ఇదెయాల్. 1912లో పెట్టింది. పై అంతస్తులో మధ్యాహ్నాలు మిలోంగా, అంటే జనం టాంగో ఆడుకునే కూడిక, నడిచేది. టూరిస్టులు రాత్రి డిన్నరుతో కలిపి డబ్బులు పోసి చూసే టాంగో వేరు. అందులో కాళ్ళు గాల్లోకి లేస్తాయి. ఇక్కడ పాదం నేలని వదలదు. పెద్ద పెద్ద స్తంభాలు, మసకబారిన అద్దాలు, పెచ్చులూడుతున్న పైకప్పు. ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు కూర్చునేవారు. బూట్లు సంచీలో తెచ్చుకుని, కుర్చీ కింద మార్చుకునేవారు. అరవై, డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి కోటు నలగకుండా వచ్చే మగవాళ్ళు.

నాట్యానికి పిలవడానికి లేచి వెళ్ళకూడదు. అక్కణ్ణుంచే చూడాలి. ఆవిడ కూడా చూస్తే, తల కొద్దిగా ఊపాలి. ఆవిడ ఊపితే ఒప్పుకున్నట్టు. ఆవిడ చూపు తిప్పుకుంటే, అడిగినట్టూ లేదు, కాదన్నట్టూ లేదు, ఎవరి పరువూ పోదు. ఒక వరసలో మూడో నాలుగో పాటలు. ఆ వరస అయ్యేదాకా జంట మారదు. వరసకీ వరసకీ మధ్య ఏదో సంబంధం లేని సంగీతం కాసేపు వినిపించి, నేల ఖాళీ చేయిస్తారు. పాట మొదలైన మొదటి కొద్ది క్షణాలు ఎవరూ కదలరు. వాతావరణం గురించో మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడుకుంటారు. ఎవరో సైగ చేసినట్టు ఒక్కసారి అందరూ కదులుతారు. నా బల్ల దగ్గర రోజూ కూర్చునే పెద్దాయన ఒకప్పుడు పత్రికలో అక్షరాలు కూర్చినవాడు. కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలివాణ్ణని తెలిసిపోతుందని తీసేసేవాడు. తీసేస్తే ఎదుటి వరసలో ఎవరు తనవైపు చూస్తున్నారో కనపడేది కాదు. "ఆ నీలం గౌను నావైపేనా చూస్తోంది?" అని నన్ను అడిగేవాడు. నేను అవునంటే తల ఊపి లేచేవాడు. ఒక్కోసారి ఆవిడ నావైపు చూస్తూ ఉండేది, నేనూ అవుననే చెప్పేవాణ్ణి.

ఇదెయాల్ 2016లో మూతపడి, బాగుచేయించుకుని 2022లో తెరుచుకుంది. ఈమధ్య ఆఫీసు పనిమీద వెళ్ళినప్పుడు చూశాను. స్తంభాలకి పాలిష్, అద్దాలకి కొత్త కళ, గాజు బీరువాలో వరసగా కేకులు. చాలా అందంగా ఉంది, కాదనను. బయట టేబుల్ కోసం క్యూ ఉంది, క్యూలో అందరూ ఫోన్లలోకి చూస్తున్నారు.

చెక్క రైలు పెట్టెల్ని 2013 చివర్లో నగర శాసనసభ వారసత్వ సంపదగా ప్రకటించింది. వాటిలో కొన్నిటిని బాగుచేసి అప్పుడప్పుడూ ప్రత్యేక సందర్భాల్లో నడుపుతారు. అంత అదృష్టం తగలనివాళ్ళు కబాయీతో పేటకి వెళ్ళాలి. 'ఎ' లైను పాత పెట్టెలు మరమ్మతు చేసిన పోల్వొరీన్ షెడ్డు అక్కడే ఉంది. పాత భాగాలు బజార్లో దొరక్కపోతే అక్కడి మెకానిక్కులే తయారుచేసుకునేవారు. ఆ షెడ్డు దగ్గర నుంచే ట్రామ్ అభిమానుల సంఘం ఒకటి 1980 నుంచి వారాంతాల్లో పాత ట్రామ్‌ని నడుపుతోంది. ఊళ్ళో మామూలు ట్రాములు అరవైల మొదట్లోనే పోయాయి. టోపీ పెట్టుకుని నడిపేవాళ్ళూ, గంట కొట్టేవాళ్ళూ అందరూ జీతం లేని వాలంటీర్లే. వీధుల చుట్టూ ఒక చిన్న చుట్టు తిప్పి తెచ్చి అక్కడే దింపుతారు. టికెట్ డబ్బుల్లేవు. వానొస్తే మాత్రం నడపరు.